మునిగిన రేవు, మునగని నా పడవ

మా మేడ మీద గదిలో అద్దెకుండే కుర్రాడు బాపట్లలోనే ఓ కాలేజీలో పాఠాలు చెప్తాడు. ఆదివారం మధ్యాహ్నం అతని కోసం ఇద్దరొస్తారు. ఒకాయనకి తెనాల్లో మందుల షాపుంది, నలభై దాటినాయన. ఇంకొకామె రేపల్లె టీచరమ్మ. రేపల్లె బండెక్కి తెనాల్లో దిగి, ఆయన్ని కలుపుకుని ఇంకో బండిలో బాపట్ల వస్తుంది. ఇంత దూరం వచ్చి చేసేదేంటయ్యా అంటే, లేని దేశంలో లేని మనుషుల్లాగా మాట్లాడుకోవడం.

ఆట అదే. కుర్రాడు కథ చెప్తాడు. మిగతావాళ్లు అందులో తలా ఒక మనిషి. "నీ ముందు ఏరుంది, ఏం చేస్తావు" అంటాడు. నువ్వు చెప్తావు. అది జరిగిందో లేదో పాచిక చెప్తుంది. ఆ దేశం, దాని రాజులు, రేవులు అన్నీ ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో ఉంటాయి. పైదేశం కంపెనీ వాళ్లు వేస్తారంట.

నేనెట్టా దూరానంటే, మేడ మీద ఆరేసిన ఎండు చేపలు తిప్పడానికి వెళ్లా. పాటు మీద పడవ ఏటి మొగలోంచి లోపలికొచ్చింది అంటున్నాడు కుర్రాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎవరయ్యా నడిపింది దాన్ని? నీళ్లు సముద్రంలోకి లాగేస్తుంటే పడవ లోపలికెట్టా వస్తుంది?"

ముగ్గురూ నోళ్లు తెరిచారు. "మీరూ కూర్చోండి పిన్నిగారూ" అన్నాడు కుర్రాడు. కూర్చున్నదాన్ని తొమ్మిదేళ్లు లేవలేదు.

నాకిచ్చిన మనిషి ఒక రేవులో పడవ నడుపుకునే ఆడది. కత్తి తిప్పమంటే పాచిక పడదు, గోడెక్కమంటే పడదు. అబద్ధం ఆడమంటే మాత్రం పడుతుంది. మార్కెట్లో ముప్పై ఏళ్లు నిన్నటి చేపని ఇవాళ్టిదని ఒట్టేసిన చెయ్యి గదా. ఆ రేవులో నేనెక్కించుకోని దొంగ లేడు, తిట్టని సుంకం బంట్రోతు లేడు. సంతకం తప్ప నాకు రాత రాదు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతా, అంతే. ఏ పాచిక ఎప్పుడెయ్యాలో, ఎంత పడితే ఏంటో, అన్నీ చెవులతో నేర్చుకున్నా. ఒక్కసారి తప్పలేదు. వాళ్లే పేజీలు తిప్పి వెతికేవాళ్లు, నేను ముందే చెప్పేసేదాన్ని. ఇంకెక్కడా నాకట్టాంటి పరపతి లేదు.

పోయినేడు ఆ కంపెనీ వాళ్లు దేశాన్ని మళ్లీ మొదట్నించీ రాసి కొత్త పుస్తకం వేశారు. పార్సిల్ వచ్చిన రోజు కుర్రాడు దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కాడు. తెనాలాయన రెండు పేజీలు చూసి మూసేశాడు. పాత పుస్తకంలో రాజుల వంశం పద్నాలుగు తరాలు ఆయనకి నోటికొచ్చు. కొత్తదాంట్లో ఆయనకిష్టమైన రాజు రాజవంశమే కాదంట, ఎవడో గుర్రాల దొంగ కొడుకంట.

ఆయన నేను పెట్టిన పునుగులు కూడా ముట్టలేదు.

"ఏం తమ్ముడూ, మీ ఇంట్లో ఎవరన్నా పోయారా?" అన్నా.

"నవ్వక్కా నవ్వు. పాతికేళ్లు చదివాను నేను. ఇప్పుడు అదంతా ఉత్తదేనంటున్నారు."

"మొదట్నించీ ఉత్తదే కదండీ" అంది టీచరమ్మ. "నాకైతే కొత్తదే బాగుంది. పాతదాంట్లో ఆడవాళ్లు ఉంటే రాణి, లేకపోతే వంటమనిషి."

పడీపడీ నవ్వా నేను. ఆయనకి ఇంకా ఉడుకుమోత్తనం వచ్చింది. ఇక రానన్నాడు.

అప్పుడు కుర్రాడు గొంతు సవరించుకుని, "మరి పిన్నిగారూ, మీ రేవు..." అన్నాడు.

నా రేవు మునిగిపోయిందంట. కొత్త పుస్తకంలో సముద్రం పొంగి ఆ తీరాన్నంతా తీసుకుపోయింది. కొత్త కథలో అది జరిగి ఇరవై ఏళ్లయింది. పాత మనుషులెవరూ మిగల్లేదు, అందరూ కొత్త మనుషుల్ని తయారు చేసుకోవాలి. పాచికలూ మారినయ్, లెక్కా మారింది. అంతా ఆ పుస్తకంలో ఉంది, చదువుకోండన్నాడు.

చదువుకోండంట. నా నవ్వు అక్కడ ఆగింది. వాళ్లకి పోయింది ఒక పుస్తకం. నాకు పోయింది కూర్చునే చోటు. మళ్లీ నేను టీలు అందించే ఇంటావిడనే అవుతా, మూలన కూర్చుని ఎవరు గెలిచారని అడిగే మనిషిని. ఖాళీ గ్లాసులు ఏరుకుని కిందకి దిగా.

వారం ఆలోచించా. తెనాలాయనకి నేనే ఫోన్ చేయించా. "చివరిసారి రా తమ్ముడూ, మన దేశానికి ఆదరణ కూడిక పెడుతున్నా" అన్నా. మా వీధిలో లూథరన్ వాళ్లు మనిషి పోతే పెట్టుకుంటారు గదా, అందరూ లేచి పోయిన మనిషి గురించి తలా ఒక మాట చెప్పే కూడిక. ఆయన నిజంగానే తెల్లచొక్కా వేసుకొచ్చాడు.

అందరూ కూర్చున్నాక కుర్రాడితో అన్నా: "ఆ వరద ముక్క తెలుగులో చెప్పు."

చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నా. మూడోసారి అడిగా: "అల వచ్చేసరికి నా పడవ ఎక్కడుంది?"

"రేవులోనే ఉంటుంది కదండీ."

"టీచరమ్మా, నోటుపుస్తకం తియ్యి."

ప్రతి ఆదివారం ఏం జరిగిందో ఆమె రాసిపెడుతుంది. చివరి పేజీ చదివింది: "పడవ రేవు దాటి సముద్రంలోకి బయల్దేరింది."

"మరింకేం, నేను బతికే ఉన్నా" అన్నా.

అల్లాంటి అల ఒడ్డున ఉన్నోళ్లని చంపుతుంది, నడిసముద్రంలో ఉన్నోళ్లని కాదు. సునామీ వచ్చిన పొద్దున మా ఆయన నడిసముద్రంలోనే ఉన్నాడు. పడవ మెల్లగా లేచి దిగిందంట, అంతే. చేపతో ఒడ్డుకొస్తే కొనే నాథుడు లేడు. "ఏంటే, ఊరంతా పెళ్లికి పోయిందా" అని నా మీద కేకలేశాడు. నేను పట్టుకుని ఏడుస్తుంటే ముందు చేపల మీద ఐసు వెయ్యమన్నాడు. ఆయన పోయింది తర్వాతెప్పుడో, మంచాన పడి, కామెర్లతో.

ఇది చెప్తే కుర్రాడు నోటుపుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత, "బయల్దేరినట్టే ఉంది పిన్నిగారూ, ఎంత దూరం పోయారో రాసి లేదు" అన్నాడు.

"మూడు రోజుల దూరం."

"అబద్ధం."

"అయితే పాచిక వేయించు."

"పాత లెక్కలో వెయ్యాలి" అని తెనాలాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. రానన్న మనిషి.

"కొత్త లెక్కలోనే వేస్తా. ఎంత పడాలో నోటితో చెప్పు చాలు" అన్నా కుర్రాడితో. చెప్పాడు. మూడు చిన్న పాచికలు గుప్పిట్లో ఆడించి వేశా. ఒక్కటి తక్కువ పడింది.

కుర్రాడు పుస్తకంలో వేలు పెట్టి, "కొత్తదాంట్లో తక్కువ పడితే కాలేదని కాదండి. అవుతుంది, దానికి బదులు మీ మీద ఏదో ఒక భారం పడుతుంది" అన్నాడు.

"ఏంటది?"

"మీరు బతికే ఉన్నారు. ముసలావిడయ్యారు. ఆ రేవుని చూసిన మనిషి మీరొక్కరే. ప్రతివారం ఆటకి ముందు దాని గురించి ఒక కబురు చెప్పాలి. మీరు మర్చిపోయింది ఇక ఎప్పుడూ జరగనట్టే. మీరు చెప్పిందే జరిగినట్టు."

తెనాలాయన మొహం వెలిగింది. ఆయన దేశం దక్కిందనుకున్నాడు పాపం. "చెప్పక్కా, రాజుగారి గురించి చెప్పు" అన్నాడు.

చెప్పా. ఆ రాజు పొద్దున్నే మారువేషంలో రేవుకొచ్చి నా చేపల గంప మోసేవాడని, మోసేటప్పుడు ఈల వేసేవాడని.

"ఎక్కడుందది? ఎప్పుడూ జరగలేదది."

"నువ్వున్నావా తమ్ముడూ అక్కడ? నేనున్నా."

టీచరమ్మ తల దించుకుని రాసేస్తోంది. "ఈల" అని పైకి చదివింది కూడా.

అప్పట్నించీ ఆయన ఒక్క ఆదివారం మానలేదు. నేను అబద్ధమాడితే పట్టుకోవాలని పాత పుస్తకం సంచిలో వేసుకుని మరీ వస్తాడు. పోయిన వారం ఆ రాజుకి ఈత రాదని, నేనే నేర్పానని చెప్పా.