శరభానికి ఆపిన సీటు

2024 జూన్ 14, ఉదయం ఏడు గంటలకు జనగామలో మహబూబాబాద్ బస్సు ఎక్కాను. ఇంటర్వ్యూకు వెళ్తున్నందున ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చోవడం అత్యవసరం. మిగిలిన ఒకే ఒక్క సీటును పక్కనున్న చిన్నపాప దస్తీ వేసి ఆపింది.

"ఎవరికమ్మా?"

"శరభానికి, అన్నా."

మా వంశంలో తొలి పట్టభద్రుడిని గనుక, అటువంటి జంతువు లేదని సవినయంగా తెలియజేశాను.

"ఎందుకు లేదు? సింహం మొఖం, ఎనిమిది కాళ్లు, మీదికెల్లి రెక్కలు. దానికే జాగ సాలదు, నిన్నేడ కూసోబెట్టాలె?"

కండక్టర్ ఆ వాదన న్యాయసమ్మతమేనని తలూపాడు.

తరువాతి స్టాపులో సంచులతో ఆ పాప నాయనమ్మ ఎక్కింది.

"ఇగో, శరభం అచ్చింది!"

"ఎవర్నే శరభమంటున్నవ్?" అని గద్దించి, ఆమె దర్జాగా కూర్చున్నది.

నేను నిలబడే నలిగిపోయి ఇంటర్వ్యూకు హాజరయ్యాను. శరభం ఉన్నది, ఉద్యోగమే లేదు.

అప్పటి నుంచి నేనూ దస్తీ వేస్తున్నాను. అడిగినవారికి గండభేరుండం వస్తుందని చెబుతాను. రెండు తలలు గనుక, రెండు సీట్లు.