ఆదివారం కుస్తీలు, బిగిసిన బీడీలు

నిన్న కోరుట్ల బస్సులో పక్క సీటు పెద్దాయన ఫోన్లో కుస్తీలు చూస్తుంటే, నాకు ఎక్కడినుంచో బీడీలు చుట్టే తునికాకు వాసన వచ్చింది.

రాయికల్‌లో మా బ్లాక్ అండ్ వైట్ టీవీ గుర్తుందా దోస్తులూ? ఆదివారం మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని దాని ముందే బీడీలు చుట్టేవాళ్లు. మగవాళ్లేమో దుబాయిలో. పెంకుల సందులోంచి పడే ఎండలో తంబాకు దుమ్ము మెల్లగా తేలుతుండేది. ఎవరి మీదా గొంతెత్తని మా అమ్మ, తెరమీద ఆ కండలవాళ్లు కలబడగానే "గుద్దు! ఇంకోటి గుద్దు!" అని కేకలు పెట్టేది. ఆ ఊపులో ఆమె చుట్టిన బీడీలు మరీ బిగిసిపోయేవి. పొగ రాదని సోమవారం కార్ఖానాలో వాటిని విరిచి పారేసేవాళ్లు. అయినా మళ్లీ ఆదివారం టీవీ ముందే!

నాన్న దుబాయి పోయి అప్పటికి నాలుగేళ్లు. పాస్‌పోర్టు అరబ్బు సేటు గుంజుకున్నాడని, ఇప్పట్లో రాలేనని ఉత్తరం రాశాడు. ఆ వారమే నేను బడిలో విన్నది అమ్మకు చెప్పేశాను.

"అమ్మా, గా కుస్తీలన్నీ ఉత్తయేనట. నిజంగ కొట్టుకోరట."

అమ్మ చేతులు ఆగలేదు.

"నాకెరికే బిడ్డా. ఎన్ని దెబ్బలు తిన్నా, ఆట అయిపోంగనే లేసి ఇంటికి పోతరు గద. గందుకే సూస్త."