కుర్చీలోంచి లేచే అవ్వ

కాటన్‌పేటలో మా ఇంటి ఓనరవ్వ కుర్చీలోంచి లేవాలంటే ముందు మోకాలి మీద చెయ్యి వేసేది, "శివా" అనేది, ఆ తర్వాతే నడుము ఎత్తేది. యానిమేషన్ క్లాసులో ముసలివాళ్ళు లేవడం గీసి తెమ్మన్నప్పుడు నాకు ఆమే గుర్తొచ్చింది.

ఫోన్‌లో వీడియో తీస్తానంటే ఒప్పుకుంది. దొడ్డబళ్ళాపురం పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చుంది. కెమెరా పెట్టగానే, మోకాలి వైపు చెయ్యి కూడా పోనివ్వకుండా చటుక్కున లేచింది.

"రోజూ లేచినట్టే లెయ్యవ్వా."

"రోజూ ఇట్లనే గదప్పా లేసేది."

ఎన్నిసార్లు తీసినా అంతే. చివరికి ఆ వీడియోలు పక్కన పెట్టి, గుర్తున్నదాన్ని బట్టి ట్యాబ్‌లో ఒక్కో ఫ్రేమూ గీశాను. మోకాలి మీద చెయ్యి, ముందుకు వంగే భుజాలు, అన్నీ కుదిరాయి. మార్కులూ బాగానే వచ్చాయి. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుని తీసుకెళ్ళి అవ్వకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది.

"ఎవరప్పా ఈ ముసలామె?"

"కాలేజీ దగ్గర ఎవరో, అవ్వా."

"పాపం, మోకాళ్ళు నొస్తా ఉండాయేమో. నువ్వులనూనె కాంచి రుద్దుకోమని చెప్పు" అని ఫోన్ నా చేతికిచ్చింది.

తర్వాత మోకాలి మీద చెయ్యి వేసి, "శివా" అంటూ, నాకు కాఫీ పెట్టడానికి లేచింది.