మా ఓనరమ్మ తంగేడు కమ్మలు

మా ఓనరమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయారు. నేను షూటింగుకు బయలుదేరుతుంటే ఆమె కూతురు మెట్లెక్కి వచ్చి, "అక్కా, అమ్మ లేస్తలేదు" అంది. మీలో ఎవరైనా కృష్ణానగర్‌లో అద్దెకుండి ఉంటే ఓనరమ్మల గురించి నేను చెప్పక్కర్లేదు. మా ఓనరమ్మ నోరు కూడా మంచిదేం కాదు. కానీ ఈరోజు కాస్ట్యూమ్స్‌లో నాకో పనుందంటే అది ఆమె పెట్టిన భిక్ష.

ఆమె ఏదీ పారేయనిచ్చేవారు కాదు. కూల్‌డ్రింక్ టిన్నులు, పగిలిన గాజులు, ఎండిపోవచ్చిన నెయిల్‌పాలిష్ సీసాలు, అన్నీ మంచం కిందికే. మెట్ల మీద ఖాళీ టిన్ను కనిపిస్తే, "పారేసెటందుకు చేతులొస్తయ్, చేసెటందుకు రావా?" అని బిల్డింగంతా వినపడేలా అందుకునేవారు. ఆ టిన్నులు కత్తిరించి, నెయిల్‌పాలిష్ రంగులద్ది తంగేడు, మోదుగ పూల కమ్మలు చేసేవారు. అసలు పువ్వు ఎదురుగా లేకుండా కత్తెర పట్టేవారు కాదు. "సూడకుంట చేస్తే అది పువ్వు గాదు, బొట్టుబిళ్ల" అనేవారు.

తణుకు నుంచి వచ్చిన కొత్తలో, ఆమె ఇచ్చిన తంగేడు కమ్మలు పెట్టుకుని ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆఫీసుకు పని అడగడానికి వెళ్లాను. డిజైనర్ మేడమ్ చూపంతా నా చెవుల మీదే.

"ఎవరు చేశారమ్మా ఇవి?"

నేనే చేశానన్నాను. నోరు జారలేదు, కావాలనే అన్నాను. ఆవిడ పని ఇచ్చింది. వారంలో డాన్సర్లకు పన్నెండు జతలు చేసి తెమ్మంది కూడా.

నాకు కత్తెర పట్టడం కూడా రాదు. ఇంటికొచ్చి ఓనరమ్మకు ఏడుస్తూ అంతా చెప్పాను. "ఈ ఒక్కసారికీ మీరే చేసిపెట్టండి పిన్నిగారూ" అని బతిమాలాను. ఆమె కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అబద్ధమాడినవ్ గద, ఇగ నేర్సుకో. నేర్సుకున్నంక అది అబద్ధమెట్లయితది?"

ఆ వారం ఎన్ని టిన్నులు పాడుచేశానో లెక్కలేదు. ఉప్పుకాగితంతో ప్రతి రేక అంచూ రుద్దించారు. ఏమాత్రం గరుకున్నా "మళ్ల చెయ్" అనేవారు. పన్నెండో జత చూసి చాయ్ పెట్టమన్నారు. ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాల్సింది. చాయ్ పెట్టి ఊరుకున్నాను.

మొన్న మంగళవారం ఆఖరి స్నానం చేయించేముందు బంధువులు ఆమె బంగారు కమ్మలు తీసేశారు. ఆ బోసి చెవులు చూడలేకపోయాను. మెట్ల మీద కూర్చుని ఒక టిన్ను కోసి రెండు తంగేడు పూలు చేశాను. "పెట్టక్కా" అంది కూతురు.

బంధువుల్లో ఒక పెద్దామె వంగి చూసి, "ఎంత మంచిగున్నయ్! ఎవరు చేసిండ్రే?" అని అడిగింది. నేను ఆమె చెవి దగ్గర పువ్వు సరిచేస్తున్నాను.

"మా అక్కనే చేసింది" అని కూతురే చెప్పింది.

పాడె ఎత్తాక గేటు దగ్గర నిలబడ్డాను. గల్లీలోవాళ్లు బైకులు పక్కకు తీసి దారి ఇచ్చారు. గల్లీ మలుపు తిరిగేదాకా పాడె మీది బంతిపూల మధ్య ఆమె చెవి దగ్గర తంగేడు పువ్వు చిన్నగా మెరుస్తూనే ఉంది.