ప్లాస్టిక్ తొడుగులో నా డిగ్రీ

ఇరవై అయిదేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఆ తర్వాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతూ వచ్చాయి. ఆ రోజుల్లో నేను మాల్దీవుల్లో ఓ చిన్న దీవి మీద ఫిజిక్స్ టీచర్ని. నరసాపురం అవతల, సముద్రం హోరు వినబడేంత దగ్గర్లో ఉన్న ఊళ్ళో పుట్టి, మా నాన్న వేటకెళ్ళి తెచ్చిన చేపలు తిని పెరిగి, విమానమెక్కి వెళ్ళి నాలుగు వైపులా సముద్రమే ఉన్న చోట ఉద్యోగంలో చేరాను. ("అంత దూరం పోయి మళ్ళీ చేపలేనా తింటున్నావు?" అని మా పక్కింటి పిన్ని ఫోన్‌లో జాలిపడింది.) అయినా సరే, సెలవులకు ఊరొస్తే చాలు, ప్రపంచ దేశాల చట్టాలన్నీ నేనే రాసినట్టు మాట్లాడేదాన్ని. "ఇమిగ్రేషన్ వాళ్ళు అలా ఒప్పుకోరు నాన్నా", "దానికో ప్రొసీజర్ ఉంటుందమ్మా" అని రోజుకు నాలుగుసార్లయినా అనకపోతే నాకు అన్నం అరిగేది కాదు. మా నాన్న నోరు తెరుచుకుని వినేవాడు. మా అమ్మ వింటున్నట్టు తలూపుతూ కూర కలుపుకునేది.

ఆ ఏడాది ఆరు వారాల సెలవు మీద వచ్చాను. వచ్చిన మూడో రోజున మా బడి ఆఫీసు నుంచి మెయిల్. వర్క్ వీసా రెన్యువల్‌కి కావలసిన కాగితాల జాబితా అది. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటోలు, పాస్‌పోర్టులో ప్రతి పేజీ కాపీ (ఖాళీ పేజీలతో సహా, ఖాళీగానే ఉన్నాయని రుజువు కాబోలు), మెడికల్ రిపోర్టు, నా మీద కేసులేవీ లేవని పోలీసులిచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్, ఆఖరున డిగ్రీ ఒరిజినల్, దాని వెనక మన ప్రభుత్వం వారి అటెస్టేషన్ ముద్రలు. మొదటి ఏడాది జిరాక్స్ కాపీతోనే సరిపెట్టుకున్నారు గాని, ఈసారి ఒరిజినలే కావాలట. ఇవన్నీ లేకుండా వెళితే రెన్యువల్ లేదు, రెన్యువల్ లేకపోతే ఉద్యోగం లేదు. ఇంత చెప్పి, కింద "మీ సెలవులు హాయిగా గడవాలి" అని కూడా రాశారు.

నేనేమీ కంగారు పడలేదు. కంగారు పడేవాళ్ళకు ధైర్యం చెప్పే రకం కదా నేను! అటెస్టేషన్ పనులు చేసిపెట్టే ఆయన ఒకరు రాజమండ్రిలో ఉన్నారంటే బయలుదేరాను. "అంత ముఖ్యమైన కాగితం నువ్వొక్కదానివే ఎలా పట్టుకెళ్తావు పాపా?" అంటూ నాన్న కూడా వచ్చాడు. నా డిగ్రీని పాత క్యాలెండర్ అట్టల మధ్య పెట్టి, దాన్నో కవర్లో పెట్టి, ఆ కవర్ని గుడ్డసంచిలో పెట్టి, సంచిని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. బస్సులో పక్కాయన "ఏంటండి అందులో?" అని అడిగితే "మా పాపండి" అన్నాడు. ఆ పక్కాయన పాలకొల్లు దాకా మా వైపు అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

రాజమండ్రిలో ఆయన ఆఫీసంటే మేడమెట్ల కింద ఓ గది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, దానికోసం బల్లంతా వెతుక్కునే మనిషి ఆయన. అందుకని మా ఇంట్లో ఆయనకి కళ్ళజోడు గారనే పేరు స్థిరపడిపోయింది. నా ఫైలు తిప్పుతూ "బాగుంది, బాగుంది" అంటూ వచ్చిన కళ్ళజోడు గారు డిగ్రీ దగ్గర ఆగిపోయారు. దాన్ని లైటుకేసి పెట్టి చూశారు. గోటితో టకటకా కొట్టారు. డిగ్రీ గిన్నె మోగినట్టు మోగింది.

"లామినేషన్ చేయించారా?" అన్నారు, ఇంట్లో ఎవరైనా పోయారా అన్నంత మెల్లగా.

"అవునండి. చెమ్మ తగలదని..." అన్నాడు నాన్న.

"చెమ్మే కాదు బాబాయ్ గారూ, స్టాంపు కూడా తగలదు. ప్లాస్టిక్ మీద ముద్ర పడదు. వెనక వైపు రాష్ట్రం వాళ్ళు ముద్ర వేయాలి, ఆపైన ఢిల్లీ వాళ్ళు వేయాలి. ఇలా పంపితే ఇలాగే తిరిగొచ్చేస్తుంది. ఎవరు చేయించారండి ఈ పని?"

అక్కడ ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. విదేశంలో ఫిజిక్స్ చెప్పే టీచర్ని, ఇంత చిన్న సంగతి తెలియదా అనుకుంటారేమోనని నా పరువు గిలగిల్లాడింది. గబుక్కున అనేశాను: "మా నాన్నకి చదువు లేదండి. తెలియక చేయించేశాడు."

నాన్న తలెత్తి తిరుగుతున్న ఫ్యాను కేసి చూశాడు, దాన్ని ఎవరు బిగించారో కనుక్కోవాలన్నట్టుగా. "అవునండి, నేనే చేయించాను" అన్నాడు.

కళ్ళజోడు గారు మంచాయన. దారి చెప్పారు. యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ డిగ్రీ తెచ్చుకోవచ్చట. కాకపోతే దానికి ఒరిజినల్ పోయినట్టు పోలీసుల దగ్గర కాగితం కావాలి. పైగా రెండు మూడు నెలలు పట్టొచ్చు. నాకున్నది అయిదు వారాలు. అయినా మునిగిపోయేదానికి ఏ చెక్క దొరికినా ఒకటే కనుక, తిరుగు బస్సులో నేను ఆ ఉపాయాన్నే పట్టుకున్నాను. నాన్న మాత్రం ససేమిరా అన్నాడు.

"పోలేదుగా పాపా. ఇదిగో, నా ఒళ్ళోనే ఉంది."

"ఉందనుకో నాన్నా. పోయిందని ఊరికే రాసిస్తాం."

"ఎవరికి?"

"పోలీసులకి."

"ఆ పోలీసులే కదా నువ్వు మంచిదానివని కాగితం రాసివ్వాల్సింది?"

నేను కండక్టర్ని పిలిచి, ఎప్పుడో తీసుకున్న టిక్కెట్లకు చిల్లర అడిగాను.

ఆ వారంలోనే పోలీస్ క్లియరెన్స్ కోసం విచారణకని ఓ కానిస్టేబుల్ గారు మా ఇంటికి వచ్చారు. చెమటలు కక్కుతూ బండి దిగి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "ఇరుగుపొరుగు వాళ్ళెవరైనా అమ్మాయి గురించి చెప్పాలండి" అన్నారు. ఇరుగున ఉన్నది మా పిన్ని. ఊళ్ళో ఆవిణ్ణి గాలివాన పిన్ని అంటారు. వస్తే దేన్నీ ఉన్నచోట ఉండనివ్వదు. మాకూ ఆవిడకూ మూడేళ్ళుగా ఎండుచేపల తగాదా నడుస్తోంది. ఆవిడ దడి మీద ఆరేసిన చేపల్ని మా పిల్లి తిందని ఆవిడ, ఆ పిల్లి అసలు మాది కాదని మేము. కబురు పెట్టకుండానే పిన్ని వచ్చేసింది.

"ఈ అమ్మాయి ఎలాంటిదమ్మా?" అని అడిగారు కానిస్టేబుల్ గారు పుస్తకం తెరిచి.

"ఈ పిల్ల సంగతి తర్వాత చెప్తానండి. ముందు వీళ్ళ పిల్లి సంగతి రాసుకోండి" అంది పిన్ని.

"పిల్లి విదేశం వెళ్ళట్లేదమ్మా. అమ్మాయి గురించి చెప్పండి."

పిన్ని నన్ను పైనుంచి కిందకి చూసింది. నా ఉద్యోగం మొత్తం ఆవిడ నాలుక చివర వేలాడుతోంది. "పిల్ల బంగారమండి" అంది చివరికి. "వాళ్ళమ్మ రొయ్యల షెడ్డుకెళ్తే నా దగ్గరే తిని, నా దగ్గరే పడుకుని చదువుకుంది. వంక పెట్టడానికేం లేదు. పిల్లి ఒక్కటే." కానిస్టేబుల్ గారు మొదటి మూడు మాటలే రాసుకుని సంతకం పెట్టించుకున్నారు.

అంతటితో వెళ్ళిపోతే బాగుండేది. నాన్న ఊరుకోలేదు. గుడ్డసంచి తెచ్చి, డిగ్రీ బయటకు తీసి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, "పోయిందని రాసివ్వమంటున్నారండి. పోలేదు కదండి. ఏం చెయ్యమంటారు?" అని ఆయన్నే అడిగాడు. నేను గుమ్మం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఇప్పుడే నేను మంచిపిల్లనని రాసుకున్న పుస్తకం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

కానిస్టేబుల్ గారు పుస్తకం మూశారు. "పోనిదాన్ని పోయిందని చెప్పేవాళ్ళు రోజూ వస్తారండి. పోలేదని చెప్పింది మాత్రం మీరొక్కరే" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మా బావమరిదిక్కూడా ఇలాగే అయిందండి. ఇస్త్రీ పెట్టెతో మెల్లగా వేడి చేసి వలిచేస్తే వస్తుందట. వాడిది మాత్రం రాలేదనుకోండి, చిరిగిపోయింది" అని ధైర్యమిచ్చి వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున్న మా వసారా ప్రయోగశాల అయింది. ప్రధాన శాస్త్రవేత్తను నేనే. వేడికి జిగురు ఎలా మెత్తబడుతుందో అందరికీ పావుగంట వివరించి, ముందు మా ఇంట్లో లామినేషన్ చేసున్న పాత రేషన్ కార్డు జిరాక్స్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించాను. అది క్షణంలో అప్పడంలా ముడుచుకుని, మా కుటుంబ సభ్యులందర్నీ ఒకే ముద్ద చేసేసింది. రెండో ప్రయోగానికి వస్తువు లేదు. అప్పుడు గాలివాన పిన్ని ఇంట్లోకి వెళ్ళి, ముగ్గుల పోటీలో తనకొచ్చిన మొదటి బహుమతి సర్టిఫికెట్ గోడ మీంచి తీసుకొచ్చి నా ముందు పడేసింది. "వద్దు పిన్నీ" అంటే, "ఆ ముగ్గు ఎప్పుడో చెరిగిపోయిందిలే. కాగితం ఉంటే ఎంత, పోతే ఎంత" అంది. ఈసారి మధ్యలో తువ్వాలు వేసి వేడి చేశాను. ప్లాస్టిక్ ఊడింది. దాంతోపాటు "మొదటి" అన్న మాట కూడా ఊడొచ్చింది. పిన్ని మిగిలిన "బహుమతి"ని చూసుకుని, "ఇదీ బానే ఉంది. ఎన్నోదో చెప్పక్కర్లేదు" అంది.

నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాను. ఇక మిగిలింది డిగ్రీ ఒక్కటే. అప్పటిదాకా గడప మీద కూర్చుని చూస్తున్న అమ్మ లేచి, చేతులు కడుక్కుని, పైట చెంగుతో శుభ్రంగా తుడుచుకుని వచ్చింది. అమ్మ పద్దెనిమిదేళ్ళుగా రొయ్యల షెడ్డులో పొట్టు వలుస్తోంది. కండ తెగకుండా, తోక ఊడకుండా, గంటకు ఎన్ని వందలో ఆవిడకే తెలియదు. "నువ్వు వేడి చెయ్యి. లాగకు. లాగేది నేను" అంది.

నేను తువ్వాలు మీంచి ఇస్త్రీ పెట్టె పోనిస్తుంటే, అమ్మ మూల దగ్గర బొటనవేలి గోరు దూర్చింది. లాగలేదు. రొయ్య వీపున పొట్టు తప్పించినట్టు గోటిని కాగితానికి ఆనించి ముందుకు నడిపింది. అంగుళం వచ్చింది. ఆగింది. "వేడి" అంది. ఇంకో అంగుళం. నాన్న, పిన్ని, పిన్ని దడి మీంచి దిగొచ్చిన పిల్లి, అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. యూనివర్సిటీ పేరు దాటింది, నా పేరు దాటింది, సంతకం దగ్గర కాస్త గునిసింది, అదీ దాటింది. వెనక వైపు కూడా అలాగే. గంటన్నర పట్టింది. కింది మూల చిటికెన వేలి గోరంత చిరుగు తప్ప, కాగితం కాగితంలా బయటపడింది.

ఆ ఆనందంలో నేను ఉపన్యాసం అందుకున్నాను. "చూశావా నాన్నా! ఇకమీదట ఏ సర్టిఫికెట్‌నీ నన్నడక్కుండా షాపుకి తీసుకెళ్ళకు. తెలియకపోతే అడగాలి."

అమ్మ గోళ్ళల్లో ఇరుక్కున్న ప్లాస్టిక్ తీసుకుంటూ తలెత్తకుండానే అంది: "నువ్వే కదే చెప్పావు."

"నేనా?"

"రాజమండ్రి హాస్టల్లో ఉండి బీఈడీ చదివే రోజుల్లో. తుఫానొస్తోందని రేడియోలో చెప్పారు. నువ్వు ఫోన్ చేసి ఏడుపు. 'నా పట్టా తడిసిపోతుంది, నాన్నని ఇప్పుడే వెళ్ళి లామినేషన్ చేయించమను' అని. ఆ వానలో నరసాపురం దాకా సైకిల్ తొక్కుకుంటూ పోయొచ్చాడు. తిరిగొచ్చాక మూడ్రోజులు జ్వరం."

నాకు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కాదు. ముందు హాస్టల్ మెట్లు గుర్తొచ్చాయి, తర్వాత వాన, తర్వాత నా గొంతు. నాన్న పిల్లిని నిమురుతూ ఎటో చూస్తున్నాడు.

"మరి కళ్ళజోడు గారి ముందు చెప్పలేదేం నాన్నా?"

"అంతమందిలో ఎందుకు పాపా? నాకు చదువు లేదని వాళ్ళకి ఎలాగూ తెలుసు. నీకు ఉందనుకుంటున్నారు. ఉండనీ" అన్నాడు.

గాలివాన పిన్ని నవ్వాపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది. అమ్మ ఆపుకోనే లేదు. నేను మాత్రం ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపాలన్న మిషతో లోపలికి వెళ్ళి, ఆపేసిన స్విచ్‌ని చాలాసేపు ఆపుతూ నిలబడ్డాను.

మర్నాడు మళ్ళీ రాజమండ్రి. కళ్ళజోడు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చిరుగు ఫరవాలేదన్నారు. "ఇంత శుభ్రంగా ఎవరు తీశారండి? మా దగ్గరికి ఇలాంటివి చాలా వస్తాయి, చెప్తే వాళ్ళని పంపిస్తాం" అని ఆశగా అడిగారు. "మా ఆవిడండి. ఆదివారాలు ఖాళీ" అన్నాడు నాన్న. ఆ గదిలో ఆ రోజు కూడా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. లామినేషన్ చేయించమన్నది నేనేనండి అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అలా చెబితే ఎంత హుందాగా ఉంటానో కూడా ఊహించుకున్నాను. చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. రసీదు తీసుకుని లేచి వస్తుంటే నాన్న గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు: "ఈ ముద్రలన్నీ పడ్డాక మళ్ళీ ప్లాస్టిక్ వేయించొచ్చాండి?" కళ్ళజోడు గారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు.

ముద్రలు పడ్డాయి, వీసా రెన్యువల్ అయింది. ఆ తర్వాత ఇంకెన్నోసార్లు అయింది. ఏటా కొత్త జాబితా, ఏటా కొత్త కాగితం. ఇప్పుడు అదే బడిలో కొత్తగా చేరే టీచర్లకు కాగితాల సంగతి చెప్పేది నేనే. ఆంధ్రా నుంచి, కేరళ నుంచి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్లలు వస్తారు. ప్రతి ఏడూ ఒకరైనా తళతళలాడే ప్లాస్టిక్ తొడుగుతో డిగ్రీ పట్టుకొచ్చి, నేను నోరు తెరవకముందే "మా నాన్న తెలియక చేయించేశారు మేడమ్" అంటారు. నేను ఎదురు ప్రశ్న వేయను. వాళ్ళ ముఖాల్లో ఆ గాభరానీ, ఆ పరువునీ చూస్తూ, "మీ నాన్నగారికి ఒకసారి ఫోన్ చేసి మాట్లాడమ్మా" అని మాత్రం అంటాను. ఎందుకో తెలియక బిత్తరపోతారు. పోనీలే, వాళ్ళ వయసులో వాళ్ళకి అన్నీ తెలుసు.