అన్నింటికీ అవ్ అన్న మనిషి

ఫోరెన్సిక్ సైకాలజీలో ఎంఎస్సీ సీటు వచ్చిందని చెప్పినప్పుడు మా అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“ఫోరెన్సిక్ అంటే శవాలు కోసేది గాదా బిడ్డా?” అంది.

“అది వేరేనమ్మా. నేరం చేసిండ్రని పట్టుకొచ్చినోళ్లతోని మాట్లాడి, వాళ్ల మనసు ఎట్లుందో కోర్టుకు చెప్పాలె.”

అమ్మ ఇంకో కాయ అందుకుంది. “గట్లయితే శవాలే నయం. అవి లేచి ఇంటిమీదికి రావు.”

ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో మా ఇంటికి రెండు సందుల అవతలే చర్చి. ఆ ఆదివారం అమ్మ అందరి ముందూ లేచి నిలబడి నా చదువు కోసం ప్రార్థన చేయమని అడిగింది. అదేం చదువో మాత్రం చెప్పలేదు. బయటికొచ్చాక ఎవరో అడిగితే “ఏదో కంప్యూటర్ది” అంది. నాన్న నా సూట్‌కేసుకు కొత్త తాళం కొనుక్కొచ్చాడు.

గుజరాత్‌లో రెండేళ్లు చదివాను. అక్కడ మాకు ఎక్కువగా నేర్పింది అనుమానించడం. పిచ్చి నటిస్తున్నవాణ్ణి ఎలా పసిగట్టాలి, గుర్తులేదన్నవాడికి నిజంగానే గుర్తులేదా, ఇవే పాఠాలు. నాకు ఆ విద్య బాగానే అబ్బింది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, కూర బాగుందని నాన్న అంటే ఆయన ముఖం చూసి ఉప్పు ఎక్కువైందని చెప్పేసేదాన్ని. అమ్మకు ఒళ్లు మండేది.

చదువైతే అయింది గానీ, ఖమ్మంలో ఆ పేరుతో ఉద్యోగమేదీ లేదు. ఒక కౌన్సెలింగ్ సెంటర్లో చేరాను. పరీక్షలంటే వణికే పిల్లలు, తాగుడు మాన్పించమని భర్తల్ని లాక్కొచ్చే భార్యలు. ఆ పని తక్కువదని కాదు. కానీ బస్సులో జైలు గోడ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా, నేను చదివింది దీని లోపలి మనుషుల కోసం కదా అనిపించేది.

అలా ఏడాది గడిచాక ఒక లాయరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మధిర వైపు మనిషి, లాయర్ని పెట్టుకోలేని వాళ్ల కేసులు ప్రభుత్వ ఖర్చుతో వాదిస్తుంది.

“ఒక మనిషిని చూసిపెట్టాలండీ,” అంది. “నువ్వే తగలబెట్టావా అంటే అవ్ అంటాడు. తగలబెట్టలేదు కదా అన్నా అవ్ అంటాడు. నేనేమని వాదించను?”

అతను అశ్వారావుపేట దగ్గర ఆయిల్ పామ్ తోటలో ట్రాక్టర్ నడిపేవాడు. అడవి పక్క ఊరి కోయ మనిషి, నలభై దాటి ఉంటాయి. ఎంత పిలిచినా ఆగకుండా ట్రాక్టర్ పోనిచ్చాడని తోట యజమాని ఒకరోజు అతన్ని పదిమందిలో తిట్టాడు. మర్నాడు మధ్యాహ్నం తోటలో మోటారు షెడ్డు కాలిపోయింది. పెద్దమనుషులు కూర్చోబెట్టి అడిగితే, అందరి ముందూ అవ్ అన్నాడు. కేసుకు ఉన్న బలమంతా ఆ ఒక్క మాటే.

కోర్టు అనుమతి తీసుకుని జైలుకు వెళ్లాను. సన్నటి మనిషి, నవ్వు ముఖం. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. పేరూ ఊరూ అడిగితే చెప్పాడు. ఆ తర్వాత మొదలైంది.

“షెడ్డుకు మీరే నిప్పు పెట్టిండ్రా?”

“అవ్.”

“వేరేటోళ్లు పెట్టిండ్రా?”

“అవ్.”

“నిన్న మీరు ఢిల్లీ పోయొచ్చిండ్రా?”

“అవ్ మేడం,” అన్నాడు నవ్వుతూ.

భాష సమస్యేమో అనుకున్నాను. రెండోసారి కోయ మాట్లాడే ఒక టీచర్ని వెంట తీసుకెళ్లాను. కోయలో అడిగినా అదే వరస. ఎదుటివాళ్లు పెద్దవాళ్లనిపిస్తే దేనికైనా తలూపే మనుషుల గురించి క్లాసులో చదువుకున్నాను. ఇది అదే కావచ్చు. నటన కూడా కావచ్చు. ఆ రాత్రి అన్నం తింటూ కూడా అతని నవ్వు గురించే ఆలోచించాను.

మూడోసారి వెళ్లినప్పుడు ఇంకో పద్ధతిలో అడుగుదామని ప్రశ్నలు మార్చుకుని వెళ్లాను. జవాబులు రాసుకుంటూ, తల ఎత్తకుండానే తర్వాతి ప్రశ్న అడిగాను. పలకలేదు. మళ్లీ అడిగాను. పలకలేదు. తలెత్తి చూస్తే, నా ముఖంలోకే చూస్తున్నాడు. చూపులు కలవగానే “అవ్” అన్నాడు.

నేను పెన్ను పక్కన పెట్టాను. అతని కళ్లలోకి చూస్తూ, శబ్దం రానివ్వకుండా ఒట్టి పెదాలు మాత్రం కదిపాను. ప్రశ్న అడిగినట్టే కనుబొమలు ఎగరేసి ఆపాను.

“అవ్ మేడం,” అన్నాడు.

వెనక నిలబడ్డ జైలు ఉద్యోగి నా వైపు వింతగా చూశాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. లేచి వెళ్లి అతని చెవి దగ్గర వంగి గట్టిగా అడిగాను. “వినపడ్తలేదా?”

అతని నవ్వు పోయింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. 

“ఎవళ్లకూ చెప్పకు మేడం. ట్రాక్టర్ తాళం గుంజుకుంటరు.”

దవాఖానాలో పరీక్ష చేయించాం. పేషెంటు జవాబుతో పనిలేకుండా, పడుకోబెట్టి యంత్రంతోనే చెవి సంగతి తేల్చే పరీక్ష అది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. మనుషులు అడుగుతున్నది అతనికి ఎప్పట్నుంచో వినపడటం లేదు. పేరూ ఊరూ ఎవరైనా మొదట అడిగేవే కాబట్టి చెప్పేసేవాడు; మిగతావాటికి ముఖాలు చూసి, మాట ఆగిన చోట అవ్ అనడం అలవాటు చేసుకున్నాడు. పొలం పనుల్లో పది ప్రశ్నలకు తొమ్మిదింటికి అదే సరైన జవాబు కూడా.

ఈ సంగతి చెబితే అతని భార్య నమ్మలేదు. కోర్టు ఆవరణలో టీ బండి ముందు నిలబడి ఉంది. చేతిలో గ్లాసు చల్లారిపోయింది.

“నేను పిలిస్తే పలకకపాయె. ఎన్నేండ్ల సందో గట్లనే. నామీద మనసిరిగిందనుకున్న,” అంది. “పోనుపోను నేనూ మాట్లాడుడు బంజేసిన.”

కేసు విచారణలో నేను సాక్షి బోనెక్కడం అదే మొదటిసారి. అవతలి లాయరు అడిగాడు, “చెవుడు నటించలేడా?”

“ఆ యంత్రం ముందు నటించలేడు సర్. పైగా అలా నటించేవాడు వినపడదని చెప్పుకుంటాడు. ఈయన వినపడుతున్నట్టు నటించాడు. దానివల్లే ఇక్కడికి వచ్చాడు.”

చెవి మిషన్ పెట్టాక జడ్జిగారే అతన్ని నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి అడిగారు. అతను ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగాడు. పూర్తయ్యాక కూడా కొంచెం ఆగాడు. “లే. నేను పెట్టలే,” అన్నాడు. ఇంకే సాక్ష్యమూ లేక కేసు కొట్టేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ మొదట అడిగింది ఇదే. “మరి పెట్టిండా, పెట్టలేదా?”

“నాకు తెల్వదమ్మా. నా పని అది గాదు.”

“గిన్నేండ్లు చదివి తెల్వదంటవేందే!”

అమ్మకు ఆ జవాబు ఇప్పటికీ నచ్చలేదు. నాకూ మొదట్లో నచ్చలేదు. ఎదుటి మనిషి దాస్తున్నది పసిగట్టడమే మా వృత్తి అనుకుని చదివాను. అతను దాచాడన్నది నిజమే, కానీ అతను దాచింది నేను వెతికింది కాదు. ఇప్పుడు కోర్టు నుంచి పిలుపులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఎవరిని కలిసినా మొదట చెవీ కన్నూ భాషా చూసుకుంటాను. మనసు సంగతి ఆ తర్వాత.

పోయిన వానాకాలం పని మీద అశ్వారావుపేట వెళ్తే బస్టాండులో అతని భార్య కనిపించింది. ట్రాక్టర్ పని పోయింది, ఇప్పుడు పామ్ మొక్కల నర్సరీలో నీళ్లు పెడుతున్నాడని చెప్పింది. జీతం తక్కువే. మిషన్ పెట్టుకుంటున్నాడా అని అడిగాను.

“పెట్టుకుంటడు. మంచిగనే ఇనపడ్తది,” అంది. “అయినా నేను పిలిస్తే రెండోసారికి గానీ పలకడు మేడం. గిప్పుడు తెల్సింది, గది చెవుల రోగం గాదు.”

అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలో వాళ్ల ఊరి ఆటో వస్తే, నాకు చెప్పకుండానే పరుగెత్తి ఎక్కేసింది.