బావ వేళ్లు, నా పెడల్

మా బావ వేళ్లు రెండు విరగ్గొట్టింది నేనే. వ్యాను తలుపు పడిందని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకున్నారు గానీ, ఆ తలుపు లాగింది నా చెయ్యి.

విజయనగరంలో మాది చిన్న ఆర్కెస్ట్రా. నాది గిటారు, బావది, అంటే మా అక్క భర్తది, కీబోర్డు. నా కాలి దగ్గర ఎర్రటి ఇనప డబ్బా ఒకటి ఉండేది. పెడల్ అంటారు. తొక్కితే చాలు, మెత్తటి గిటారు కోతమిల్లులా అరిచేది. దాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే నాకు తిక్క రేగేది. అసలే నా కోపం ముక్కు మీద ఉంటుంది.

ఆ ఏడు దసరా వెళ్లిన మూడు వారాలకి, భోగాపురం అవతల సముద్రం ఒడ్డు పల్లెలో అమ్మవారి పండగ. ఇసకలో స్టేజీ. పొద్దు వాలుతుండగా మొదలుపెట్టాం. మూడో పాటలో పెడల్ తొక్కాను. గరగరమని చచ్చిపోయింది. వైరు మార్చాను, బ్యాటరీ మార్చాను, మళ్లీ అదే గరగర. జనం ఈలలు ఆపి బూతులకు దిగారు. ఎవరో విసిరిన నీళ్ల ప్యాకెట్టు నా మొహాన పగిలింది. ముందు వరసలో ముసలాయన, "ఆడనేక మద్దిల ఓడన్నాడంట, ఈడిలాటోడే!" అన్నాడు. నా మద్దెల నిజంగానే ఓడని ఆయనకేం తెలుసు? ఒక్క తన్ను తన్నితే పెడల్ స్టేజీ చివరిదాకా దొర్లింది.

కిందికి దిగి నేరుగా వెళ్లి, కీబోర్డు వ్యానులో పెడుతున్న బావ కాలర్ పట్టుకున్నాను. మధ్యాహ్నం సౌండ్ సరిచూసుకునేటప్పుడు నేను టీకి వెళ్లి వచ్చేసరికి అతను నా పెడల్ దగ్గరే నిలబడి ఉన్నాడు మరి.

"ఏటి సేసినావు బావా దీన్ని?"

"నానేటి సేస్తాన్రా? ముట్టనేదు."

"నిజం సెప్పు!"

"ముట్టనేదంటే ఇనవేటిరా? అమ్మోరి తోడు."

ఒట్టు వినేసరికి ఒళ్లు మండి చెంప మీద ఒక్కటిచ్చాను. అతను తిరిగి కొట్టలేదు. వ్యాను ఎక్కబోతూ తలుపు పక్కన చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి నాకు కనిపించింది. చూస్తూనే తలుపు లాగాను. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నాను కాబట్టి ఇదైనా నిజం రాయాలి. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. అతను అరిచిన అరుపుకి స్టేజీ దగ్గర జనమంతా ఇటు పరిగెత్తుకొచ్చారు.

మర్నాడు పొద్దున్న పెడల్‌ని బల్ల మీద పెట్టాను. తొక్కి స్విచ్చి విరగ్గొట్టింది బావేనని రుజువు చెయ్యాలని నా పంతం. ఒక స్క్రూ తిరక్కపోతే సుత్తితో బాదాను. రేకు లేచి బొటనవేలు చీరుకుపోయింది. రక్తం లుంగీకి తుడుచుకుంటూ మీటరు పెట్టి చూశాను. స్విచ్చి బాగానే ఉంది. కరెంటు బోర్డుదాకా వస్తోంది. టంకాలు గట్టిగా ఉన్నాయి. మిగిలింది గిటారు వైరు గుచ్చే కన్నం. టార్చి వేసి చూస్తే, లోపల వైరు మొనను పట్టుకునే రేకు మీద ఎర్రటి పెచ్చు, దాని చుట్టూ చిలుము. గీకి వాసన చూశాను.

కుంకం.

ఆయుధ పూజ రోజు మా ఇంట్లో కత్తిపీట నుంచి మోటారు సైకిల్ దాకా అన్నిటికీ బొట్టు పెట్టేది నేనే. ఆ ఏడు పెడల్‌కి పైన పెడితే రేపటినుంచి అమ్మవారి బొట్టుని తొక్కుతాను కదా అని భయమేసింది. అందుకని తడి పసుపూ కుంకమూ ఉంగరం వేలితో ఆ కన్నంలోకి కుక్కాను. మిగతా పని సముద్రపు గాలి చేసింది.

స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, వైరు గుచ్చి తొక్కాను. పెడల్ ఎప్పటిలాగే అరిచింది. సిగ్గుతో నా ఒళ్లంతా కాలిపోయింది. తల గోడకేసి రెండుసార్లు కొట్టుకున్నాను.

నిజం చెప్పి కాళ్లు పట్టుకుందామని బావావాళ్ల ఊరు చీపురుపల్లికి రైలెక్కాను. బావ మంచం మీద ఉన్నాడు, కుడిచేతికి కట్టు. ఆ రెండు వేళ్లూ ఇక మునుపటిలా వంగవన్నాడట డాక్టరు. అక్క నా మొహం చూడలేదు. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"నానే తొక్కినాన్రా. నువ్వు టీకెల్లినప్పుడు, సరదాకి, రెండుసార్లు. అమ్మోరి మీద ఒట్టేసి అబద్దం ఆడినాను. అందుకే ఆ తల్లి నా సెయ్యి తీసుకున్నాది. నీ సామాను పాడు సేసినాను, మనసులో ఎట్టుకోకు."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్క నిట్టూర్చి, మొదటిసారి నాకేసి చూసింది. ఆ చూపులో కోపం తగ్గింది. చెప్పాల్సిన మాట నా నాలిక చివరే ఉంది.

"పోన్లే బావా," అన్నాను. "అయిందేదో అయిపోనాది."

మా బావని అలా క్షమించి వచ్చాను.